గాలిలో కొలిచిన దూరం

పార్లమెంటులో సభ ఉదయం పదకొండు గంటలకు మొదలైంది. పదకొండు గంటల నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు వాయిదా పడింది. ఈ సమయాన్ని నేను గోడ గడియారం చూసి రాయడం లేదు. ముప్పై మూడేళ్ళ పాటు రైల్వే సిగ్నల్ పరికరాలను పరీక్షించడానికి వాడిన స్టాప్‌వాచ్‌తో కొలిచాను. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు.

ఇంకో రెండు అంకెలు కూడా ముందే చెప్పాలి. మా గల్లీలో ఉండిన కార్మికుల దవాఖానా గుమ్మం నుంచి, దాన్ని తరలించిన కొత్త భవనం గుమ్మం దాకా పటం మీద గీత గీస్తే 640 మీటర్లు. మనిషి నడిస్తే 2,310 మీటర్లు. రెండు గుమ్మాల మధ్య రైలు పట్టాలున్నాయి, పట్టాలకు అటూ ఇటూ గోడలున్నాయి. దాటాలంటే గోడ వెంబడే ఉప్పుగూడ వైపు వెళ్ళి, వంతెన కిందుగా అవతలికి చేరి, అంత దూరమూ మళ్ళీ వెనక్కి రావాలి. పటం మీద గీత గీసినవాడికి గోడ అడ్డం రాదు.

ఈ రెండు అంకెల మధ్య తేడా ఒక మనిషి కాలికి సంబంధించినది. ఆమె మా ఎదురింట్లో ఉంటుంది. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. బేగంబజార్ వెనుక స్టీలు గిన్నెలకు పాలిష్ పట్టే కార్ఖానాలో పదహారేళ్ళుగా పని. రోజంతా తిరిగే చక్రం ముందు నిలబడి చేసే పని అది. షుగరు ఉంది. కుడి పాదం కింద పుండు పడింది. దాన్ని రోజూ నర్సు చేత కడిగించి కట్టు మార్పించుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆదివారం తప్ప వారానికి ఆరు కట్లు. దవాఖానా ఎదురుగా ఉన్నన్నాళ్ళు ఆమె పనికి వెళ్ళే ముందు పది నిమిషాలు అటు వెళ్ళి వచ్చేది. అంతే.

తరువాత దవాఖానా గుమ్మానికి ఒక కాగితం అంటించారు. భవనం పాతబడినందున తరలించామనీ, కొత్త ప్రాంగణం ఇక్కడికి 640 మీటర్ల దూరంలో ఉందనీ అందులో ఉంది. నేను ఆ అంకెను రెండుసార్లు చదివాను. తెలిసిన సర్వేయరు దగ్గర కొలత చక్రం అడిగి తెచ్చుకుని, మర్నాడు ఆమె వెంట బయలుదేరాను.

"గా చక్రమేందన్నా?" అంది.

"దూరం కొలుస్తది చెల్లె."

"దూరం నా కాలు చెప్తలేదా?"

"నీ కాలు చెప్పేది వాళ్ళు కాయితం మీద రాసుకోరు."

"గట్లయితే కట్టు గూడ నీ చక్రానికే కట్టియ్యి. నేనింట్ల కూసుంట."

నవ్వుతూనే నడిచింది. ఆరుసార్లు ఆగింది. నాలుగుసార్లు గోడకు ఆనుకుని, ఒకసారి సోడాబండి పక్కన, ఒకసారి వంతెన కింద మురుగునీటి మధ్య వేసిన రాళ్ళ మీద. నా ఒక్కడికైతే ఇరవై తొమ్మిది నిమిషాలు పట్టే దారి ఆమెకు యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది. తిరుగు ప్రయాణం నేను కొలవలేదు. కొలవాలనిపించలేదు.

ఇక్కడ మా పఠనమందిరం గురించి చెప్పక తప్పదు. గల్లీ మొదట్లో ఒకే ఒక గది, మూడు బల్లలు, నాలుగు దినపత్రికలు. ప్రతి ఆదివారం ఉదయం అక్కడ పది పన్నెండు మందిమి ఏదో ఒక విషయం మీద వాదించుకునేవాళ్ళం. ఆ వాదనకు ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి పెట్టింది నేనే.

ఒకే పట్టా ఉన్న మార్గంలో రెండు బండ్లు ఎదురెదురుగా రాకూడదు. అందుకని పాత రోజుల్లో ఒక ఇనుప గుండు ఉండేది. అది చేతికి అందిన డ్రైవరే బండి కదపాలి. అందనివాడు ఎంత తొందరగా పోవలసినా స్టేషన్‌లో నిలబడవలసిందే. నేను అలాంటి గుండునే టేకు చెక్కతో లేత్ మీద తీయించి పఠనమందిరంలో పెట్టాను. గుండు ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట, నాలుగు నిమిషాలు. తరువాత గుండు కావాలన్నవాడు, ముందు మాట్లాడినవాడి వాదనను తన నోటితో తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని అవతలివాడు ఒప్పుకున్నాకే గుండు చేయి మారుతుంది. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పాలి. ఒక మనిషి ఐదుసార్లు చెప్పి, ఆరోసారికి తన వాదన వదులుకున్న సందర్భం నాకు గుర్తుంది. చెప్పగా చెప్పగా అవతలివాడి మాటే సబబుగా తోచిందట.

ఆ గదిలో గట్టి గొంతులు రెండు. ఒకరు గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన విశ్రాంత అధికారి, అందరికీ పెద్దసారు. రెండోవాడు కార్వాన్‌లో తాళాల దుకాణం నడిపే మనిషి, అందరికీ అన్న. ఇద్దరివీ రెండు పార్టీలు. అయినా గుండు ఉన్నంతకాలం ఒకరి మాట ఒకరు పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. పార్లమెంటు ప్రసారాలు చూడడానికి గదిలో టీవీ పెట్టాలని పెద్దసారు ప్రతిపాదించినప్పుడు, కార్వాన్ అన్న గుండు చేతిలోకి తీసుకుని అన్నది నాకు ఇంకా వినిపిస్తుంది.

"పెద్దసారు ఏమన్నడు? దేశం ఎట్ల నడుస్తదో కండ్లార చూడాలె, చూస్తెనే మనకు మాట్లాడే తమీజ్ వస్తది అన్నడు. అవునా సార్?"

"అవునండీ, సరిగ్గా అదే అన్నాను."

"ఇగ నా మాట. గా డబ్బా ఈడికొస్తే మన మాట పోతది భాయ్. ఆడ వాళ్ళు చేసే లొల్లి మనకు అంటుతది. నాకు నా మీదనే భరోసా లేదు."

తొమ్మిది మంది టీవీకి, ముగ్గురు వద్దుకు. నేను తొమ్మిది మందిలో ఉన్నాను.

దవాఖానా విషయం సభ దాకా వెళ్ళడానికి కారణం నా పాత సహోద్యోగి అల్లుడు. అతడు ఢిల్లీలో ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర సహాయకుడు. ఆ సభ్యుడు ఏ పక్షమో రాయను. రాస్తే చదివేవారిలో సగం మంది అక్కడే ఆగిపోతారు. నేను పంపిన కొలతలు చూసి సహాయకుడు ఫోన్ చేశాడు. మూడు దారులున్నాయన్నాడు. ఒకటి, సభ్యుడు ప్రాంతీయ అధికారికి నేరుగా ఉత్తరం రాయడం. రెండు, రాతపూర్వక సమాధానం కోరే ప్రశ్న. మూడు, సభలో నోటితో సమాధానం చెప్పవలసిన ప్రశ్న. దానికి చీటీ తీస్తారు, పేరు రావాలి, వచ్చినా వంతు అందాలి.

"ఉత్తరం అయితే తొందరగా అయిపోతుంది సార్. మళ్ళీ కొలిపిస్తారు," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఎదురింటి చెల్లెకు మూడు దారులూ వివరించాను. ఆమె ఎక్కువ ఆలోచించలేదు.

"ఉత్తరం రాయిస్తే సాలదా అన్నా? నాకు గావాల్సింది ఒక నర్సమ్మ, ఒక గది. అంతే గదా."

"ఉత్తరం ఫైల్ల పడ్తది చెల్లె. సభలో అడిగితే మంత్రి నిలబడి జవాబు చెప్పాలె. జవాబు తప్పయితే అక్కడికక్కడే ఇంకో ప్రశ్న అడగొచ్చు. తప్పించుకోనీకి ఉండదు."

"నువ్వు జెప్తున్నవంటే గట్లనే కానీ. గా దినం దాక ఎట్లనన్న నడుస్త."

ఇది నా తప్పు. అజ్ఞానం వల్ల చేసినది కాదు. ఆ సభలోనూ మా గుండు లాంటిది ఏదో ఉంటుందని నమ్మి చేసినది. జవాబు మీద అక్కడికక్కడే అడిగే ఆ అనుబంధ ప్రశ్న నేనే రాసి పంపాను. పదిహేను మాటలు. "మంత్రిగారు చెప్పిన 640 మీటర్లు గాలిలో గీసిన గీతా, మనిషి నడిచే దారా? నడిచే దారైతే పట్టాలు ఎక్కడ దాటాలి?" సభ్యుడు చదివి చాలా బాగుందన్నాడని సహాయకుడు చెప్పాడు. చీటీలో పేరు వచ్చింది. ఆ రోజు జాబితాలో మాది మూడో ప్రశ్న.

ఆమె మాట నిలబెట్టుకుంది. ఏడు వారాలు, ఒక్క కట్టు తప్పకుండా నడిచింది. పుండు అంచులు మూసుకుంటున్నాయని నర్సు చెప్పిందట.

ఆ ఉదయం పఠనమందిరంలో పద్నాలుగు మందిమి ఉన్నాం. ఆదివారం కాకపోయినా అందరూ వచ్చారు. చెల్లె పూట సెలవు పెట్టి వచ్చి, ముందు వరుసలో కూర్చుని, కాలు ఒక స్టూలు మీద పెట్టుకుంది. ఆమె మంచి చీర కట్టుకుని ఉండటం నేను గమనించాను. గుండు బల్ల మీద ఉంది. టీవీలో సభ మొదలైంది. నేను స్టాప్‌వాచ్ నొక్కాను.

పదకొండు గంటల సున్నా నిమిషాల నలభై సెకన్లకు మొదటి నినాదం. అంతకు ముందు రోజు ఒక పక్షంవాడు ఏదో అన్నాడు. దానికి క్షమాపణ చెప్పాలని రెండో పక్షం, అంతకంటే ముందు మీవాడన్న దానికి మీరే చెప్పాలని మొదటి పక్షం. ఒకటిన్నర నిమిషం కాకముందే రెండు వైపుల నుంచి మనుషులు లేచి సభాపతి పీఠం ముందున్న ఖాళీ జాగాలోకి దిగారు. చేతుల్లో నినాదాల అట్టలు. ముందే అచ్చు వేయించుకుని వచ్చారు, అక్షరాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. సభాపతి మొదటి ప్రశ్న సంఖ్య పిలిచాడు. మంత్రి లేచి ఏదో చదవడం మొదలుపెట్టాడు. ఆయన పెదవులు కదలడమే కనిపించింది.

అప్పుడు చెల్లె వేలు చూపించింది.

"అన్నా, గాయనే గదా? మన ప్రశ్న అడిగేటాయన?"

ఆయనే. సహాయకుడు పంపిన ఫొటో ఆమెకు నేనే చూపించి ఉన్నాను. ఆయన తన స్థానంలో లేడు. అట్ట పట్టుకుని అందరికంటే ముందు నిలబడి, మెడ నరాలు తేలేలా అరుస్తున్నాడు. కెమెరా ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు. పదిహేను మాటలున్న నా కాగితం ఆ సమయంలో ఆయన జేబులో ఉందో, బల్ల మీద ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

"మల్ల కుర్సీల కూసుంటడా? మన నంబరు వచ్చేసరికి?" అని అడిగింది.

ఆమె ప్రశ్న నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. ఎందుకంటే అప్పటికే గదిలో కూడా గొంతులు లేచాయి.

"చూశారా, మీవాళ్ళ సంస్కారం!" అన్నాడు పెద్దసారు. "సభను సంత చేశారు."

"సంత జేసింది మావోళ్ళా? షురూ జేసింది ఎవడు? నిన్న గా మాటన్నది ఎవడు?" అని కార్వాన్ అన్న లేచాడు.

సభ వాయిదా పడింది. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. స్టాప్‌వాచ్ ఆపాను. ఆ క్షణంలో నాలో జరిగినది కూడా ఉన్నదున్నట్టు రాయాలి. వాయిదాకు కారణం నాకు గిట్టని పక్షమే అని రేపు పత్రికలు రాస్తాయన్న ఆలోచన వచ్చి, కొన్ని సెకన్ల పాటు నాకు తృప్తి కలిగింది. ఎదురుగా స్టూలు మీద ఆమె కాలు ఉంది. అయినా కలిగింది. టీవీలో అట్టలు పట్టుకున్నవారి మీద ఎంత ఏవగింపు ఉందో, అందులో కొంత నా మీద నాకూ ఉంది.

గుండు తీసుకోండి, పద్ధతి పాటించండి అని నేను అన్నాను. పెద్దసారు గుండు అందుకున్నాడు. నియమం ప్రకారం ముందు కార్వాన్ అన్న వాదన తిరిగి చెప్పాలి.

"ఆయనకో వాదన ఉంటే కదండీ చెప్పడానికి!"

"జూసిన్రా? నా మాటకు ఖీమతే లేదట! ఇటియ్యి గుండు!"

"వదలండి ముందు."

"నువ్వొదులు!"

ఇద్దరూ గుండు పట్టుకుని లాగారు. ఒకరు అరవై దాటినవాడు, ఇంకొకరు యాభై దాటినవాడు. ఏళ్ళ తరబడి ఒకరి వాదన ఒకరు అప్పజెప్పుకున్న మనుషులు. మిగతావాళ్ళు విడదీస్తారనుకున్నాను. వాళ్ళూ రెండుగా చీలి చెరో పక్కా నిలబడ్డారు. గుండు జారి నేల మీద పడి బల్ల కిందికి దొర్లింది. ఎవరూ దాన్ని తీయడానికి వంగలేదు. గుండు లేకుండానే అరుచుకోవచ్చని అప్పటికి అందరికీ తెలిసిపోయింది.

నేను తల తిప్పేసరికి స్టూలు ఖాళీగా ఉంది. ఆమె ఎప్పుడు లేచి వెళ్ళిందో చూసినవారు లేరు.

అందని ప్రశ్నలకు సిద్ధం చేసిన సమాధానాలను సభకు సమర్పించినట్టు భావించి అచ్చు వేస్తారు. మా ప్రశ్నకూ అలాగే ఒక సమాధానం వచ్చింది. మూడు వాక్యాలు. కొత్త ప్రాంగణం పాత ప్రాంగణానికి 640 మీటర్ల దూరంలో ఉంది. లబ్ధిదారులకు అసౌకర్యం కలిగినట్టు సమాచారం లేదు. ప్రత్యేక ఏర్పాటు అవసరం లేదు. సహాయకుడికి ఫోన్ చేశాను. సార్ చాలా బాధపడ్డారన్నాడు. పార్టీ నిర్ణయం, ఆ రోజు అందరూ దిగాల్సిందేనన్నాడు. ఒకసారి సమాధానం వచ్చిన ప్రశ్నను ఈ సమావేశాల్లో మళ్ళీ తీసుకోరన్నాడు. ఆ సాయంత్రమే సభ్యుడు అట్ట పట్టుకుని అరిచిన వీడియో ముక్క ఒకటి మా బస్తీ ఫోన్లన్నింటికీ వచ్చింది. దానికి వెనుక పాట కూడా పెట్టారు.

అప్పుడు నేను మొదటి దారికి తిరిగి వెళ్ళాను. ప్రాంతీయ అధికారిని కలిశాను. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. నా కొలతలు, దారి పటం, మలుపు మలుపుకూ వేసిన అంకెలు అన్నీ ఓపికగా చూశాడు. తరువాత సొరుగులోంచి అచ్చయిన సమాధానం తీసి నా ముందు పెట్టాడు.

"మీ లెక్క కరెక్టే కావచ్చు సార్. కాదనను. కానీ ఇది పార్లమెంటుకు ఇచ్చిన అంకె. రేపు నేను 2,310 అని రాస్తే, సభకు తప్పు చెప్పామని నేనే రాసిచ్చినట్టు."

"తప్పే చెప్పారు కదండీ."

"సభలో ఎవరూ అడగలేదుగా సార్."

ఉత్తరం ముందే వచ్చి ఉంటే మనిషిని పంపి కొలిపించేవాడినని కూడా అన్నాడు. ఓదార్చడానికే అన్నాడనుకుంటాను. నేను ఆ చాయ్ తాగలేకపోయాను.

ఇంటికొచ్చి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అయితే అయిపోయినట్టే గదన్నా," అంది. "గంత పెద్ద సభల గంతమంది ఉండి ఒక్క మాట అడగకపోయిరి. ఇగ నేనొక్కదాన్నే నడిచి ఏం జేస్త?"

నడవడం తగ్గించింది. మొదటి నాలుగు వారాలు రోజు విడిచి రోజు వెళ్ళింది. తరువాత పూర్తిగా మానేస్తుందని భయపడి నేనే ఆటోలో తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులకు మించి ఆమె ఒప్పుకోలేదు. మిగతా రోజులు ఇంట్లోనే గుడ్డ మార్చుకునేది, లోపల ఏం జరుగుతోందో చూడకుండా. పన్నెండు వారాలు నిండేసరికి పాదం నల్లబడింది. పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చక్రం ముందు నిలబడలేని మనిషితో కార్ఖానాకు పని లేదు.

ఆసుపత్రికి చూడడానికి పెద్దసారూ, కార్వాన్ అన్నా వేరువేరుగా వచ్చారు. ఇద్దరూ అరటిపళ్ళు తెచ్చారు. ఇద్దరూ మంచం పక్కన కూర్చుని కాసేపు నిజంగానే బాధపడ్డారు. తరువాత ఇద్దరూ, ఒకరికొకరు తెలియకుండా, ఒకే మాటన్నారు. ఆ రోజు అవతలి పక్షం గొడవ చేయకపోతే ఇది జరిగేది కాదని. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. కార్వాన్ అన్న వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

"గీయన గూడ పెద్దసారు మాటనే అప్పజెప్పిండు సూడన్నా. నీ గుండు ఉంటే ఇద్దరికీ ఇచ్చేటోనివి."

పఠనమందిరంలో ఇప్పుడు కుర్చీలు రెండు గోడల వైపూ వేరువేరుగా వేసుకుంటున్నారు. ఆదివారం వాదన లేదు. టీవీ ఉంది. గుండును బల్ల కింద నుంచి తీసి నేను ఇంటికి తెచ్చుకున్నాను. కిందపడ్డ చోట సన్నని పగులు ఉంది, పొడవు ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

ఆమె దవాఖానా చీటీ నా దగ్గరే ఉంది. నిన్న దాని మీద నర్సు సంతకాలు లెక్కపెట్టాను. లెక్క ఇది.

సభ నడిచినది: నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. అందులో మా ప్రశ్నకు: సున్నా.
అడగని అనుబంధ ప్రశ్న: ఒకటి.
సరిదిద్దని తేడా: 1,670 మీటర్లు, ఒక వైపుకు.
పన్నెండు వారాల్లో కట్టవలసిన కట్లు: 72. కట్టినవి: 28. తప్పినవి: 44.
తీసేసిన కుడి పాదం వేళ్ళు: రెండు.
పదహారేళ్ళ పని: పోయింది.